మంచు వనరుగా మారిన తీరు: స్విట్జర్లాండ్‌లోని మ్యూరెన్ గ్రామ చరిత్ర

పరిచయం

ఐరోపా ఆర్థిక చరిత్రలో గనులు, మిల్లులు, ఓడరేవుల గురించి మీరు ఇదివరకే చదివారు. కొండ ఊరి మీద కురిసే మంచు కూడా ఆర్థిక వనరు కాగలదు. అయితే ప్రకృతిలోని ఏ పదార్థమూ తనంతట తాను వనరు కాదు. దాన్ని కోరే మనుషులు, చేరుకునే మార్గాలు, వాడుకునే పద్ధతులు ఏర్పడినప్పుడే అది వనరవుతుంది. ఈ విషయాన్ని ఆల్ప్స్ పర్వతాల్లోని మ్యూరెన్ గ్రామం ఉదాహరణగా పరిశీలిద్దాం.

1. మంచు భారంగా ఉన్న కాలం

మ్యూరెన్ లాటర్‌బ్రున్నెన్ లోయ అంచున, సముద్రమట్టానికి సుమారు 1,650 మీటర్ల ఎత్తున ఉంది. మధ్యయుగంలో వాల్సర్లు అనే జర్మన్ భాషా రైతులు ఇక్కడికి వలస వచ్చారు. వారికి పశువులే ఆధారం. వేసవిలో ఆవులను పై పచ్చిక బయళ్లకు తోలేవారు. అటువంటి బయలునే స్థానికంగా 'ఆల్ప్' అంటారు. పాలను చీజ్‌గా మార్చి నిల్వ చేసేవారు. చలికాలంలో దారులు మూసుకుపోయేవి. దాచిన ఎండుగడ్డి వసంతం వరకు సరిపోవాలి. మంచు చరియలు విరిగిపడే భయం ఉండనే ఉండేది. 1891లో రైలు మార్గం వచ్చినా, మొదట్లో అది వేసవి యాత్రికుల కోసమే నడిచింది.

2. మార్పుకు కారణాలు

హెన్రీ లన్ అనే ఆంగ్లేయుడు 1887లో మెథడిస్టు మిషనరీగా భారతదేశానికి వచ్చి, కొద్దికాలానికే తిరిగి వెళ్లి, యాత్రా వ్యాపారంలో స్థిరపడ్డాడు. 1910-11 చలికాలంలో మ్యూరెన్ రైలును నడిపేందుకు రైల్వేవారిని ఒప్పించినవాడు ఆయనే. వచ్చిన అతిథుల్లో ఎక్కువమంది సంపన్న ఆంగ్లేయులు. రైతులు భరించిన మంచునే వీరు డబ్బు చెల్లించి వెతుక్కుంటూ వచ్చారు.

హెన్రీ కుమారుడు ఆర్నాల్డ్ లన్ 1888లో మద్రాసులో జన్మించాడు. 1922లో మ్యూరెన్‌లో ఆయన ఆధునిక స్లాలమ్ పోటీని నిర్వహించాడు. జంట జెండాల మధ్య మలుపులు తిరుగుతూ దిగేవారిలో, ఒడుపును బట్టి కాక, తక్కువ సమయాన్ని బట్టి విజేతను నిర్ణయించడం ఇందులోని కొత్తదనం. నార్వే వంటి దేశాల్లో స్కీయింగ్ అంటే ప్రధానంగా దూర ప్రయాణం, దూకుడు పోటీలు. అందువల్ల ఈ కొత్త పద్ధతికి అంతర్జాతీయ గుర్తింపు 1930లో గాని రాలేదు. మరుసటి ఏడాదే తొలి ఆల్పైన్ ప్రపంచ పోటీలు మ్యూరెన్‌లో జరిగాయి. మహిళల విభాగంలో రెండు పోటీలనూ బ్రిటన్‌కు చెందిన ఎస్మే మెకినన్ గెలిచింది.

3. వనరుకు ఎదురైన సవాలు

గడ్డి తగ్గితే రైతు పశువులను తగ్గించుకోగలడు. మంచు తగ్గితే హోటలు, రైలు, స్కీయింగ్ శిక్షకుడు, దుకాణదారు అందరూ ఒకేసారి నష్టపోతారు. ఏటా సుమారు 100 రోజులు, కనీసం 30 సెంటీమీటర్ల మంచు ఉన్న చోటునే స్కీయింగ్‌కు నమ్మకమైనదిగా లెక్కిస్తారు. ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ 2007లో ఈ కొలమానంతో ఆల్ప్స్‌లోని 666 స్కీయింగ్ ప్రాంతాలను పరిశీలించింది. అప్పటికి నమ్మదగినవి 609. ఉష్ణోగ్రత 2 డిగ్రీలు పెరిగితే 404 మాత్రమే మిగులుతాయని అంచనా. నమ్మకమైన మంచు మొదలయ్యే ఎత్తు సుమారు 1,200 మీటర్లు. ప్రతి డిగ్రీకి అది దాదాపు 150 మీటర్లు పైకి జరుగుతుంది. అంటే 3 డిగ్రీల పెరుగుదలతో అది మ్యూరెన్ ఇళ్ల గుమ్మాల దాకా వస్తుంది.

ఈ ఊరికి పైన 2,970 మీటర్ల షిల్ట్‌హార్న్ శిఖరం ఉంది. 1967 నుంచి అక్కడికి కేబుల్ కారు నడుస్తోంది. ఎత్తైన వాలులు లేని ఊళ్లకు ఇటువంటి వెసులుబాటు లేదు. యంత్రాలతో కృత్రిమ మంచు తయారు చేయవచ్చు. అందుకు నీరు, విద్యుత్తుతోపాటు తగినంత చలి కూడా కావాలి.

సారాంశం

ఈనాటి యాత్రికుడికి మ్యూరెన్ చలికాల జీవితం అనాదిగా వస్తున్న సంప్రదాయంలా కనిపిస్తుంది. నిజానికి అది రైలు, యాత్రా వ్యాపారం, పోటీ నియమాలు కలిసి కట్టిన వ్యవస్థ. దాని వయస్సు నూరేళ్లకు కొంచెం ఎక్కువ. మనుషులు కట్టినదాన్ని మనుషులు మార్చుకోగలరు. మార్చుకునేందుకు ఎంత వ్యవధి ఉందన్నదే ఆ ఊరి ముందున్న ప్రశ్న.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. మ్యూరెన్‌లో మంచు వనరుగా మారడానికి దోహదం చేసిన అంశాలను వివరించండి.
2. ఒకే వనరుపై ఆధారపడిన ఒక గ్రామాన్ని మీ ప్రాంతం నుంచి ఎంచుకుని, మ్యూరెన్‌తో పోల్చండి.