తూకంలో పెట్టిన చేయి

2015 ఫిబ్రవరి 26న ఆస్ట్రేలియాలో జెస్ ఐన్స్‌కో కన్నుమూసింది. ముప్పయ్యేళ్ళు నిండీ నిండని వయసు. పెళ్ళి కుదిరింది గానీ ఆ రోజు రాలేదు. అంతకు పదహారు నెలల ముందే, కూతురు నమ్మిన వైద్యాన్నే నమ్ముకుని, తల్లి వెళ్ళిపోయింది. ఏ పుట నుంచి మొదలుపెట్టినా ఈ కథ చేరేది అక్కడికే. అది తెలిసీ మళ్ళీ మొదటి నుంచి చదువుతాం, ఎక్కడో ఒకచోట దారి మళ్ళి ఉండేదేమోనని. మళ్ళడానికి వీలున్న చోట్లు నిజంగానే ఉన్నాయి. అవే ఎక్కువ బాధపెడతాయి.

2008లో జెస్‌కు ఇరవై రెండేళ్ళు. సిడ్నీలో, టీనేజీ అమ్మాయిలు చదివే ‘డాలీ’ పత్రికకు ఆన్‌లైన్ విభాగం చూసేది. ఎడమ చేతి మీద గడ్డలు లేచాయి. ముక్క తీసి పరీక్షకు పంపితే ఎపిథీలియాయిడ్ సార్కోమా అన్నారు. చాలా అరుదైన క్యాన్సర్ అది. ఎక్కువగా పడుచు వయసులోనే వస్తుంది. చేతివేళ్ళ దగ్గరో, ముంజేతిలోనో పుడుతుంది. మొదట్లో నొప్పి కూడా పెద్దగా పెట్టదు. తొందరపడదు. చర్మం కింద, కండరాల పొరల వెంట, నెమ్మదిగా పైకి పాకుతుంది. ఇక్కడ కోసి తీసేస్తే కొంచెం ఎగువన మళ్ళీ లేస్తుంది. అందుకే డాక్టర్లు చేతిని భుజం దాకా తీసేయాలన్నారు.

ఆ మాట ఆ పిల్ల చెవిన ఎలా పడి ఉంటుందో ఒక్క క్షణం ఆగి ఊహించుకోవాలి. జుట్టు ముడివేసుకునే చేయి. రాసుకుని బతికే మనిషికి అన్నం పెట్టే చేయి. రేపెప్పుడో బిడ్డను ఎత్తుకోవలసిన చేయి. ఆపరేషన్‌కు ముందు డాక్టర్లే మరో దారి చూపించారు. చేతికి రక్తం వెళ్ళే దారిని ఒంటి నుంచి వేరుచేసి, ఆ ఒక్క చేతిలోకే ఘాటైన కీమో మందు పంపే పద్ధతి అది. చేయించుకుంది. గడ్డలు కనబడకుండా పోయాయి. ఏడాది పైగా అందరూ ఊపిరి పీల్చుకున్నారు. 2009లో జబ్బు తిరిగొచ్చింది, దానితోపాటే ఆ పాత మాటా వచ్చింది: చేయి తీసేయాలి.

ఇక్కడే తూకం. ఒక పళ్ళెంలో తప్పించుకోలేని నష్టం ఉంది, దానికి బదులుగా ఏం దక్కుతుందో ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. నిజాయితీ ఉన్న డాక్టరు ‘బతుకుతావు’ అని రాసివ్వడు. ‘అవకాశం పెరుగుతుంది’ అంటాడు. రెండో పళ్ళెంలో ఏ నష్టమూ కనబడదు. చేయి ఉంటుంది, జుట్టు ఉంటుంది, పైగా ‘నయమవుతుంది’ అన్న నిండు మాట ఉంటుంది. తూచవలసిన మనిషికి ఇరవై నాలుగేళ్ళు. తూచే చేయే తూకంలోనూ ఉంది. ఆమెను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. ఆ రెండో పళ్ళేన్ని అంత నిండుగా కనబడేలా అలంకరించిన వాళ్ళ మీదే నా కోపమంతా.

ఆ అలంకరణ చాలా పాతది. మాక్స్ గెర్సన్ 1881లో పుట్టిన జర్మన్ యూదు వైద్యుడు. తన పార్శ్వపు నొప్పికి తానే పథ్యం కనిపెట్టుకున్నాడు. అదే పథ్యాన్ని చర్మానికి వచ్చే క్షయకూ, తర్వాత క్యాన్సర్‌కూ వాడాడు. నాజీల కాలంలో దేశం విడిచి న్యూయార్క్ చేరాడు. ఒంట్లో విషాలు పేరుకుని, ఉప్పుల సమతూకం చెడి, కాలేయం అలసిపోతేనే క్యాన్సర్ వస్తుందని ఆయన నమ్మకం. ఆ విషాలను కడిగేస్తే చాలన్నాడు. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ 1947లో ఆయన చూపించిన పదిమంది రోగుల వివరాలు పరిశీలించింది, 1959లో ఆయన పుస్తకంలోని యాభై మందివీ పరిశీలించింది. రెండుసార్లూ మేలు జరిగిన రుజువు దొరకలేదు. ఆ ఏడే ఆయన పోయాడు. వైద్యం మాత్రం పోలేదు. 1977లో ఆయన కూతురు సంస్థ పెట్టింది. అమెరికా సరిహద్దు దాటితే వచ్చే మెక్సికో ఊరు తిహువానాలో చికిత్సాలయం వెలిసింది. జెస్ అక్కడికి వెళ్ళి, ఆ పద్ధతి నేర్చుకుని ఇల్లు చేరింది.

అసలు వైద్యమంతా ఇంట్లోనే. రోజుకు 13 గ్లాసుల జ్యూస్, గంటకొకటి చొప్పున. క్యారెట్, ఆపిల్, ఆకుకూరలు, అన్నీ అప్పటికప్పుడు పిండాలి. వంటలో ఉప్పు లేదు, నూనె లేదు. రోజుకు 5 సార్లు కాఫీ ఎనిమా. పొద్దున లేస్తూనే గ్లాసెడు ఫిల్టర్ కాఫీ పడందే మాట పెగలని మన ఇళ్ళలో ఈ మాట చెబితే నవ్వుతారు. కానీ ఆ ఇంట్లో అది నవ్వులాట కాదు. కడగడం, తరగడం, పిండడం, వడగట్టడం, పడుకోవడం, లేచి మళ్ళీ కడగడం. రెండేళ్ళ పాటు ఒక పడుచుపిల్ల దినచర్య అది.

ఆ చాకిరీలోనే దాని ఆకర్షణ కూడా ఉంది. ఆసుపత్రి రోగికి వేచి ఉండటం తప్ప మరో పని చెప్పదు. ఈ పథ్యం గంట గంటకూ చేతికి పని అప్పగిస్తుంది. చేస్తున్నకొద్దీ బతుకు తన చేతిలోనే ఉన్నట్టుంటుంది. మరో సంగతి ఉంది, అదే నన్ను ఎక్కువ భయపెడుతుంది. మధ్యలో జ్వరం వస్తే, వాంతులైతే, తల పగిలిపోతుంటే, అది విషం బయటికి పోతున్న గుర్తని ఈ వైద్యం ముందే చెప్పి ఉంచుతుంది. అంటే ప్రమాదాన్ని పసిగట్టే ప్రతి గుర్తుకూ శుభశకునమని ముందే పేరు పెట్టేశారు. ఇక ఒళ్ళు ఏ భాషలో మొరపెట్టుకోవాలి?

ఒంటికి నేరుగా జరిగే హాని కూడా తక్కువదేమీ కాదు. మాటిమాటికీ ఎనిమా చేస్తే రక్తంలో సోడియం, పొటాషియం పడిపోతాయి. అదుపు తప్పితే గుండె ఆగుతుంది. కాఫీ ఎనిమాలతో ముడిపడిన రెండు మరణాల గురించి 1980లోనే అమెరికా వైద్య పత్రిక రాసింది. జ్యూస్‌లో పచ్చి దూడ కాలేయం కలిపి తాగించే రోజుల్లో, దానివల్ల రక్తానికి విషక్రిమి సోకి, తిహువానా నుంచి వచ్చిన రోగులు సాన్ డియెగో ఆసుపత్రుల్లో చేరారు. జెస్‌కు జరిగిన నష్టం మాత్రం ఇంకోలాంటిది. ఆ వైద్యం ఏం చేసిందన్న దానికంటే, దాన్ని చేసుకుంటూ కూర్చున్న రోజుల్లో జరగవలసిన పని జరగకపోవడమే ఆమెకు చేటయింది.

మన ఊళ్ళలో కామెర్లు వస్తే పసరు పోయిస్తారు. ఆ కామెర్లలో చాలామటుకు కొన్ని వారాలకు వాటంతటవే తగ్గేవే. పేరు మాత్రం పసరుకు వస్తుంది. జెస్ విషయంలో జరిగిందీ దాదాపు ఇదే. తేడా ఒక్కటే, ఆమె జబ్బు తగ్గేది కాదు, ఆగి ఆగి నడిచేది. 2010 గడిచింది, 2011 గడిచింది, 2012 గడిచింది. ఆమె నవ్వుతూనే ఉంది. రోగం నింపాదిగా నడుస్తుంటే, ఆ గడువంతా జ్యూస్ ఇచ్చిందని లెక్క రాసుకుంది. ‘వెల్‌నెస్ వారియర్’ అన్న పేరుతో ఆమె రాసిన బ్లాగుకు వేలమంది పాఠకులు చేరారు. వేదికలెక్కింది, పుస్తకం రాసింది. క్యాన్సర్‌ను గెలిచిన అమ్మాయి అని జనం అనుకున్నారు. ఆ గెలుపే ఆమె ఇంటి ఖర్చు, ఆమె పేరు, ఆమె స్నేహాలు అయిపోయాయి. అన్నిటినీ అంటిపెట్టుకున్న మాటను వెనక్కి తీసుకోవడం, చేయి తీయించుకోవడం కంటే తేలికేమీ కాదు.

మోసం చేసిందని మాత్రం అనకండి. అదే దేశంలో, అదే కాలంలో బెల్ గిబ్సన్ అనే ఆమె, లేని క్యాన్సర్‌ను ఉందని చెప్పి పుస్తకాలు అమ్ముకుంది. 2017లో కోర్టు 4,10,000 ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా వేసింది. ఈ ఇద్దరినీ ఒకే గాటన కట్టేస్తుంటారు. జెస్ జబ్బు నిజం, నమ్మకమూ నిజం. ఇతరులకు చెప్పిన ప్రతి మాటకూ ముందు తన ఒంటినే పూచీ పెట్టింది.

2011లో తల్లికి రొమ్ము క్యాన్సర్ బయటపడింది. ఆపరేషన్, మందులు, రేడియేషన్ కలిసి ఎంతోమందిని ఏళ్ళ తరబడి బతికిస్తున్న జబ్బు అది. కూతురి ముందున్న తూకం కంటే తల్లి ముందున్న తూకం ఎంతో తేలికైనది. కానీ ఆ తల్లి లెక్కలు చూడలేదు, కళ్ళెదుట నడుస్తున్న బిడ్డను చూసింది. ఏ తల్లికైనా అంతకంటే పెద్ద రుజువు ఏం కావాలి? ఆమె కూడా జ్యూస్ గ్లాసు అందుకుంది. 2013 అక్టోబరులో చనిపోయింది.

అప్పుడైనా, అనిపిస్తుంది మనకు. ఆ చావు తర్వాతైనా. కానీ ఆ పిల్ల స్థితిలో నిలబడి చూడండి. ఈ వైద్యం పనిచేయదని ఒప్పుకున్న మరుక్షణం, అమ్మను ఈ దారిన నడిపించింది తానేనని కూడా ఒప్పుకోవాలి. ఆ రెండో మాటను మోయగల మనిషి ఎవరు? అమ్మ పోయిన దుఃఖంతోనే జబ్బు తిరగబెట్టిందని ఆమె అనుకుంది. అనుకోనిద్దాం.

2014 అంతా ఆమె రాతలు పలచబడ్డాయి. డిసెంబరులో చివరికి నిజం రాసింది: ఈ ఏడంతా ఒంట్లో బాగాలేదని, చంక దగ్గర పుండై నెలల తరబడి రక్తం కారుతూనే ఉందని. ఆంకాలజిస్టును కలుస్తున్నానని కూడా రాసింది. ఆ అడుగు వేయడానికి ఎంత ధైర్యం కావాలో ఎవరూ గుర్తించలేదు. ఆ అడుగు పడేసరికి క్యాన్సర్ భుజం దాకా వచ్చేసింది. ఫిబ్రవరికల్లా అంతా అయిపోయింది. తర్వాత ఆమె వెబ్‌సైటు కూడా కనబడకుండా పోయింది.

ఆమె పోయాక వాదులాట మొదలైంది. ఏడేళ్ళు బతికిందంటే జ్యూస్ చలవేనన్నారు అభిమానులు. ఆ జబ్బు మామూలుగానే నిదానంగా నడుస్తుందని, చేయి తీసి ఉంటే ఇంకా బతికే వీలుండేదని వైద్యులు అన్నారు. వైద్యుల మాటే నిజమని నేను నమ్ముతాను. కూతురి విషయంలో అలా వాదించుకోవడానికైనా ఆస్కారం ఉంది. భుజం దాకా కోసినా ఆ సార్కోమా కొందరిని వదలదు. తల్లి విషయంలో వాదన దాకా వచ్చినవాళ్ళే తక్కువ. ఆమెకు బ్లాగు లేదు, పుస్తకం లేదు, బిరుదు లేదు. పోగొట్టుకోవలసిన చేయి కూడా లేదు. కూతురిని నమ్మింది, అంతే.