త్రీనాట్‌త్రీ తరువాత

పెద్దవూరకు దక్షిణమున, నేడు నాగార్జునసాగర జలములు నిండియున్న లోయలో, క్రీస్తుశకము మూడవ శతాబ్దమున ఇక్ష్వాకు ప్రభువుల విజయపురి విలసిల్లిన కాలమందు, యుద్ధభూమిలో నేలకొరిగిన భటుల స్మృత్యర్థము ఛాయాస్తంభములను నిలుపు ఆచారముండెను. రాజులకు నిలిపినట్లే సామాన్య సైనికునికి సైతము శిలపై స్థానమిచ్చిన ఆ సంప్రదాయము ఈ ప్రాంతమునకు గర్వకారణము. కాని సైనికుడు పడిన పిమ్మట అతని పేర రాయి నిలుపుటకంటె, అతడు నిలిచియుండగానే చేతికి తగిన ఆయుధమిచ్చుట రాజ్యమునకు మొదటి ధర్మమని నా దృఢవిశ్వాసము. ఆ ధర్మమును స్వతంత్ర భారతము ఎట్లు నిర్వహించినదో తెలియగోరువారికి, బెజవాడనుండి కోదాడ, మునగాల, సూర్యాపేటల మీదుగా హైదరాబాదునకు పోవు రహదారియే తగిన ఆరంభస్థానము.

1948 సెప్టెంబరు 13వ తేదీన భారతసేన ఆ దారిని నిజాము రాజ్యములో ప్రవేశించెను. తూర్పు దళములకు నాయకుడు మేజర్‌ జనరల్‌ రుద్ర. కోదాడ సమీపమున ఒక గుట్టను ఆశ్రయించి నిలిచిన హైదరాబాదు పదాతిదళమును గూర్ఖా పటాలము, పూనా హార్స్‌ కవచవాహనముల తోడ్పాటుతో, తరిమివేసెను. మునగాల దాటి, విమానదాడుల పిమ్మట సూర్యాపేటను వశపరచుకొనెను. వెనుదిరిగిన నిజాము సైనికులు మూసీ వంతెనను పాడుచేసిపోయినను, అచట నిలిచి కాల్పులు జరుపువారు లేకపోవుటచే భారతసైనికులు దానిని త్వరలోనే బాగుచేసికొనిరి. 17వ తేదీన నిజాము లొంగిపోగా, మరునాడు ఆయన సేనాపతి ఎల్‌ ఎద్రూస్‌ మేజర్‌ జనరల్‌ జె.ఎన్‌. చౌధురి ఎదుట లొంగుబాటు ప్రకటించెను. ఇంతవరకు అందరెరిగినదే. అంతగా పరికింపబడని విషయమొకటి కలదు: గుట్టపై నిలిచినవాని చేతిలోనిదియు, గుట్టనెక్కినవాని చేతిలోనిదియు ఒకే జాతి తుపాకి. బ్రిటిషు సామ్రాజ్యము తన సేనలకును, సంస్థానాధీశుల సేనలకును పంచిపెట్టిన లీ–ఎన్‌ఫీల్డు రైఫిలే ఇరుపక్షముల పదాతికిని ప్రధానాయుధము. దానినే మన పోలీసు ఠాణాలలో త్రీనాట్‌త్రీ యందురు. అది ఢిల్లీ యెన్నుకొన్నదికాదు, హైదరాబాదు యెన్నుకొన్నదికాదు. ఇరువురికిని వారసత్వముగ సంక్రమించినది.

నిజాము ప్రభుత్వము తన కొరతను చివరిక్షణమున తీర్చుకొనజూచెను. భారతదేశము నుండి ఆయుధముల రాక నిలిచిపోగా, సిడ్నీ కాటన్‌ అను ఆస్ట్రేలియా వైమానికుడు 1948లో కరాచీనుండి లాంకాస్ట్రియన్‌ విమానములలో బీదరు, వరంగల్లులకు తుపాకులను, మందుగుండును రహస్యముగా చేరవేసెను. దొరికినదానిని దొరికినంత కొనుట ఎన్నిక కానేరదు. ఎన్నికకు పరీక్ష కావలెను, వ్యవధి కావలెను. అంతకుమించి, తుపాకి చెడినపుడు విడిభాగమును, తూటాలు అయిపోయినపుడు తూటాను పుట్టింపగల సొంత కర్మాగారము కావలెను. హైదరాబాదునకు ఈ మూడింటిలో ఒక్కటియు మిగులలేదు.

ఆ నేలపైననే ఏ ప్రభుత్వమును జీతమియ్యని మూడవ సైన్యమొకటి పోరాడుచుండెను. సూర్యాపేట, హుజూర్‌నగర్‌, మిర్యాలగూడ తాలూకాల రైతులు 1946లో దొరలను ఎదిరించినపుడు వారికున్నవి వడిసెలలు, గుత్పలు, స్త్రీల చేతిలో కారపుపొడి. పిమ్మట వేటకు వాడు బర్మార్లు వచ్చినవి. బర్మారులో గొట్టపు మూతినుండి మందు పోసి, గుండు జారవిడిచి, కడ్డీతో దట్టించి, ఒకమారు పేల్చినచో మరల ఆ తతంగమంతయు మొదటినుండి జరుపవలెను. అంతలో ఎదుట త్రీనాట్‌త్రీ పట్టిన శిక్షితుడు నిమిషమునకు పదునైదు గుండ్లు గురిచూచి కాల్చగలడు. అందుచేతనే కరివిరాల గ్రామవాసియైన భీమిరెడ్డి నరసింహారెడ్డి వంటి నాయకులు నడపిన దళములకు గడీలనుండి, రజాకారుల శిబిరములనుండి లాగుకొన్న ఒక్కొక్క రైఫిలును ప్రాణసమానమయ్యెను. ఆ రైఫిలుకు నిజాము పోలీసుల తూటాయు సరిపోవును, 1948 తరువాత తమను వెదకవచ్చిన భారతసైనికుల తూటాయు సరిపోవును. 1951 అక్టోబరులో పోరాటము విరమింపబడువరకు ఈ మూడు సైన్యములను కలిపినది ఆ ఒక్క తూటాయే.

కావున తుపాకి ఎన్నికను గూర్చి మాటలాడువాడు మొదట తూటాను గూర్చి మాటలాడవలెను. త్రీనాట్‌త్రీ గొట్టపు లోవ్యాసము అంగుళమును వేయి భాగములు చేసినచో మూడువందల మూడు భాగములు. పెట్టెలో పట్టునవి పది తూటాలు. ప్రతి గుండు పేల్చిన పిమ్మట బోల్టును చేతితో లాగి నెట్టవలెను. బెంగాలులో 1904లో నెలకొన్న ఇషాపూరు కర్మాగారము దశాబ్దములపాటు దీనినే తయారుచేసెను. భారతసేనలోని తేలిక మరతుపాకికిని, ముక్కాలిపీటపై నిలుపు విక్కర్స్‌ బరువు మరతుపాకికిని తూటా ఇదియే. తేలిక మరతుపాకి విషయమున మాత్రము ఒకసారి భారతసేన లండను కంటె భిన్నముగా నడచినది: 1930 దశకపు తొలిదినములలో అది విక్కర్స్‌–బెర్తియే తుపాకిని స్వీకరించి ఇషాపూరులో చేయించుచుండగా, బ్రిటను చెకోస్లవేకియా నమూనానుండి పుట్టిన బ్రెన్‌గన్నును వరించెను. రెండవ ప్రపంచయుద్ధమున మన పటాలములకును బ్రెన్‌గన్నే వచ్చిచేరినది. దాని మేలు నిస్సంశయమైనది. ఎన్నిక మాత్రము మరల మనది కాకపోయెను.

స్వాతంత్ర్యము వచ్చి పదునైదేండ్లు గడచినను ఈ స్థితి మారలేదు. త్రీనాట్‌త్రీ చవుక, దృఢము, గురి తప్పనిది. దాని తూటాలు గిడ్డంగులనిండ నుండెను. ఇషాపూరు యంత్రములన్నియు దానికే అమర్చియుండెను. ఈ సౌకర్యములే మనలను నిద్రపుచ్చినవి. 1962 నవంబరు 18న లదాఖులోని రెజాంగ్‌లా కనుమపై మేజర్‌ షైతాన్‌ సింగు నాయకత్వమున 13వ కుమావూను పటాలపు కంపెనీ ఒకటి, గడ్డకట్టించు చలిలో, బోల్టు రైఫిళ్లతో, స్వయంచాలకములైన చీనా తుపాకులకెదురు నిలిచి దాదాపు సమూలముగా ఆహుతియయ్యెను. ఆ కుమావూను రెజిమెంటునకు 1945 వరకు ఉన్న పేరు 19వ హైదరాబాదు రెజిమెంటు. నిజాము సేనాసంప్రదాయమునుండి పుట్టిన దళమది. ఆ వీరుల శౌర్యమును కీర్తించునపుడెల్ల, వారికి సకాలమున తగిన రైఫిలు అందలేదన్న మాటను కూడ చెప్పుకొనుట మన విధియని నేను తలంతును.

ఆ చీనాయుద్ధ పరాజయము వెనువెంటనే సేనాధిపత్యము ఎవరికి లభించినదనగా, హైదరాబాదులో లొంగుబాటు స్వీకరించి, అచట సైనిక గవర్నరుగా పాలించిన ఆ చౌధురికే. సేనను 8,25,000 మందికి పెంచి, పది పర్వత డివిజనులను సమకూర్చు ప్రణాళిక ఆనాటిదే. క్రొత్త రైఫిలుకై బెల్జియం దేశపు ఎఫ్‌.ఎన్‌. కర్మాగారపు ఫాల్‌ నమూనా ఎన్నుకొనబడి, దానికి మన మార్పులతో ఇషాపూరులో రూపుదిద్దబడినదే ఎస్‌.ఎల్‌.ఆర్‌. గుండు పేలిన వాయువులో కొంతభాగము పిస్టనును వెనుకకు నెట్టి, ఖాళీ తొడుగును విసరివైచి, క్రొత్త తూటాను తానే ఎక్కించును; జవాను బోల్టు లాగుటకై గురినుండి చెంపనెత్తనక్కరలేదు. పెట్టెలో ఇరువది తూటాలు. మీట నొక్కినపుడెల్ల ఒకే గుండు పేలునట్లు ఏర్పరచుట తూటాల పొదుపునకై చేసిన నిర్ణయము. మన సరఫరా మార్గముల దైర్ఘ్యము తలచినచో అది సముచితమే. తూటా మాత్రము నాటో దేశములు 1954లో ప్రమాణముగా గైకొన్న 7.62 మిల్లీమీటర్లది.

ఎస్‌.ఎల్‌.ఆర్‌.లు చాలినన్ని వచ్చులోపల కొరత తీరుటకు ఇషాపూరువారు ప్రాత లీ–ఎన్‌ఫీల్డునే మేలైన ఉక్కుతో, పన్నెండు తూటాల పెట్టెతో, క్రొత్త తూటాకనువుగా నిర్మించిరి. కాన్పూరులో బ్రెన్‌గన్నునకును అదే తూటాకు తగిన రూపము కల్పించిరి. బెల్జియం మాగ్‌ మరతుపాకిని కూడ మన దేశమున అదే తూటాకు చేయసాగిరి. 1965 యుద్ధమునాటికి అనేక పటాలములు ఇంకను త్రీనాట్‌త్రీతోనే పోరాడినను, 1971 నాటికి పదాతి చేతిలో ఎస్‌.ఎల్‌.ఆర్‌. స్థిరపడెను. రైఫిలు, తేలిక మరతుపాకి, పట్టీతో నడచు మరతుపాకి మూడును ఒకే తూటాను కాల్చిన ఆ కాలము మన ఆయుధచరిత్రలో మిక్కిలి వివేకవంతమైన ఘట్టమని నా అభిప్రాయము. ఆ వివేకమునకు రక్తము మూల్యముగా చెల్లింపవలసివచ్చుటయే విచారకరము.

ఆలస్యము మరల మరల సంభవించినది. 1987లో సింహళమునకు వెళ్లిన మన శాంతిసేన, ఏ.కె. తుపాకులతో అడవిలో పొంచియుండి కాల్చు తమిళపులుల నెదుర్కొనుటకు బరువైన ఎస్‌.ఎల్‌.ఆర్‌. చాలదని అనుభవపూర్వకముగా గ్రహించెను. అప్పటికి పూనాలోని పరిశోధనశాలయందు 5.56 మిల్లీమీటర్ల ఇన్సాస్‌ రూపొందుచుండెను. రైఫిలును, తేలిక మరతుపాకిని ఒకే కుటుంబముగా సంకల్పించుట దాని సద్గుణము; కాని 1999లో కార్గిలు శిఖరములపై చలికి తూటాల పెట్టెలు పగులుచున్నవని జవానులు ఫిర్యాదుచేసిరి. గొట్టములు మార్చి రెండు విధముల తూటాలను కాల్చు రైఫిలుకై 2011లో పిలువబడిన టెండరు 2015లో రద్దయ్యెను. ఒక్క ఆయుధమునందు అన్ని గుణములను కోరి, నాలుగేండ్లు పోగొట్టుకొని, తుదకు ఏదియు పొందకపోవుట సేనాకార్యాలయపు లోపమని చెప్పక తప్పదు.

పిమ్మట కొనుగోళ్లు వడివడిగ సాగినవి. 2019లో అమెరికానుండి 72,400 సిగ్‌–716 రైఫిళ్లకు, 2020లో ఇజ్రాయేలునుండి 16,479 నెగెవ్‌ తేలిక మరతుపాకులకు, 2021లో అమేఠీ జిల్లా కొర్వాలో రష్యా సహకారమున ఆరు లక్షలకు పైబడిన ఏ.కె.–203 రైఫిళ్ల నిర్మాణమునకు ఒప్పందములు జరిగెను. ఒక్కొక్క ఆయుధము మేలైనదే. అయితే ఇన్సాస్‌ తూటా వేరు, ఏ.కె. తూటా 7.62 అయినను పొట్టిది. సిగ్‌, నెగెవ్‌ల తూటా పొడవైనది. సరిహద్దు గుట్టపై తూటాలు అయిపోయిన జవాను ప్రక్కనున్న మరతుపాకి పట్టీనుండి నాలుగు తూటాలు ఊడదీసి నింపుకొనవలెనన్న, అతని చేత సిగ్‌ ఉన్నచో సాధ్యము, ఏ.కె.–203 ఉన్నచో అసాధ్యము. ఈ మూడు తూటాలలో దేనిని నిలుపవలెనో, దేనిని విడువవలెనో తేల్చు పని ఇంకను మిగిలియున్నది. ఈసారి యుద్ధము వచ్చి తొందరపెట్టకముందే అది జరుగవలెను.