తుత్తునాగం కథ: బూజు నుంచి వృద్ధుల పళ్లెం దాకా

ఇంట్లో పెద్దాయనకు దగ్గు తగ్గి పది రోజులు కాకముందే మళ్లీ జ్వరం తగిలితే, "వయసు మీద పడింది కదా" అని సరిపెట్టుకుంటాం. ఆ మాటలో నిజం ఎంత, నెపం ఎంత? వెనక్కి తిరిగి చూస్తే జవాబులో కొంత భాగం ఒక లోహం చరిత్రలో దొరుకుతుంది. ఆ లోహం జింకు, మన పాత పేరు తుత్తునాగం.

1869లో పాశ్చర్ శిష్యుడు జూల్ రోలిన్, జింకు లేనిదే నల్లబూజు సరిగా పెరగదని చూపించాడు. ఎలుకలకూ అది కావాలని తేలేసరికి 1934 వచ్చింది. 1940లో శాస్త్రవేత్తలు కైలిన్, మాన్ రక్తంలోని ఒక ఎంజైములో జింకును కనిపెట్టారు. అయినా మనిషికి జింకు లోపం రాదనే వైద్యలోకం నమ్మింది. ప్రతి తిండిలోనూ ఉండేదానికి కొరత ఏమిటని!

ఆ నమ్మకాన్ని కదిలించినవారు బీహార్‌లోని బక్సర్‌లో పుట్టిన డాక్టర్ ఆనంద ప్రసాద్. 1958లో ఇరాన్‌లోని షిరాజ్‌లో ఆయన ముందుకు 21 ఏళ్ల యువకుడు వచ్చాడు. చూడటానికి పదేళ్ల పిల్లవాడిలా ఉన్నాడు. తినేది పులియని రొట్టె, దానికి తోడు మట్టి. ధాన్యంలోని ఫైటేట్ అనే పదార్థం జింకును పట్టేసి పేగులకు అందనివ్వదు. తర్వాత ఈజిప్టులో జింకు ఇచ్చిన యువకులు ఎదిగారు. 1974లో అమెరికా జాతీయ పరిశోధన మండలి జింకును తప్పనిసరి పోషకంగా గుర్తించింది.

ఎదుగుదల సంగతి తేలాక చూపు రోగనిరోధక శక్తి మీదికి మళ్లింది. రొమ్ము ఎముక వెనకనుండే థైమస్ గ్రంథి, రోగాలతో పోరాడే టి కణాలకు బడిలాంటిది. వయసుతో అది కుంచించుకుపోతుంది. దాని హార్మోను థైములిన్ జింకు తోడు లేనిదే పనిచేయదు. పళ్లూడి, ఆకలి తగ్గి, మాంసం, గింజలు మానేసిన వయసులో గ్రంథీ క్షీణిస్తుంది, జింకూ తగ్గుతుంది. ఒంట్లో దానికి ప్రత్యేకమైన నిల్వ లేదు. రోజూ తిండితో అందాల్సిందే.

2007లో ప్రసాద్ బృందం 55 నుంచి 87 ఏళ్ల మధ్యవారు 50 మందిని ఏడాదిపాటు పరిశీలించింది. రోజుకు 45 మిల్లీగ్రాముల జింకు తీసుకున్నవారిలో 29 శాతం మందికి, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 88 శాతం మందికి అంటువ్యాధులు సోకాయి. అదే ఏడాది బోస్టన్ పరిశోధకులు వృద్ధాశ్రమాలను పరిశీలించి, రక్తంలో జింకు సరిపడా ఉన్నవారిలో న్యుమోనియా తక్కువని చెప్పారు. మొదటిది చిన్న అధ్యయనం. రెండోది సంబంధాన్ని చూపిందే తప్ప కారణాన్ని రుజువు చేయలేదు. అయినా రెండూ ఒకే దిక్కు చూపాయి.

అలాగని మాత్రలు మింగేయడం మందు కాదు. రోజుకు 40 మిల్లీగ్రాములు పెద్దలకు అమెరికా పెట్టిన గరిష్ఠ పరిమితి. అది మించి చాలాకాలం వాడితే రాగి తగ్గి రక్తహీనత రావచ్చు, రోగనిరోధక శక్తీ దెబ్బతినవచ్చు.

భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో పురుషులకు రోజుకు 17, స్త్రీలకు 13.2 మిల్లీగ్రాములు సిఫారసు చేశాయి. చారన్నం, మజ్జిగన్నంతో రోజు గడిపే పెద్దలకు అంత అందదు. హైదరాబాద్‌ వరి పరిశోధన సంస్థ 2016లో జింకు ఎక్కువున్న డీఆర్‌ఆర్ ధాన్ 45 వంగడాన్ని ఇచ్చింది. ఇంట్లోనూ దారులున్నాయి: మెత్తగా ఉడికిన పప్పు, గుడ్డు, చేప, నువ్వుల పొడి, ఉడికించిన మొలకలు. నానబెట్టి మొలకెత్తించినా, ఇడ్లీ పిండిలా పులియబెట్టినా ఫైటేట్ తగ్గుతుంది.

వయసును ఆపలేం. కానీ నెపం దాని మీద వేసేముందు అమ్మానాన్నల పళ్లెంలోకి ఒకసారి చూద్దాం. మాత్ర అవసరమా కాదా అన్నది డాక్టరుకే వదిలేద్దాం.