గౌట్ మందు మొదలుపెట్టాక నొప్పి మళ్లీ వచ్చిందా?.. ఆపేయకండి, కారణం ఇదే!

రాత్రి పడుకునేటప్పుడు బాగానే ఉంటారు. తెల్లారేసరికి కాలి బొటనవేలు ఎర్రగా వాచిపోయి, దుప్పటి తగిలినా ప్రాణం పోతున్నట్టు ఉంటుంది. గౌట్ ఉన్నవాళ్లకు ఇది తెలిసిందే. నొప్పి మాత్ర వేసుకుంటే వారం, పది రోజుల్లో సర్దుకుంటుంది. చాలామంది ఇక ఆ విషయమే మర్చిపోతారు. కానీ తగ్గింది నొప్పి మాత్రమే, రక్తంలో యూరిక్ యాసిడ్ కాదు.

అది డెసిలీటరుకు 6.8 మిల్లీగ్రాములు దాటితే పూర్తిగా కరగదు. సూదుల్లాంటి స్ఫటికాలుగా మారి కీళ్లలో పేరుకుంటుంది. అవి కరగాలంటే లెవెల్‌ను 6 లోపుకు తెచ్చి, అక్కడే ఉంచాలి. చర్మం కింద గడ్డలు కట్టినవాళ్లకు 5 లోపు ఉంటే ఇంకా మంచిది.

ఇందుకు ఎక్కువగా రాసే మందు అలోప్యూరినాల్. కొత్తదేం కాదు, 1960ల నుంచీ ఉంది. యూరిక్ యాసిడ్‌ను తయారుచేసే ఎంజైమ్‌ను ఇది అడ్డుకుంటుంది. రోజుకు 100 మిల్లీగ్రాములతో, కిడ్నీ సమస్య ఉంటే ఇంకా తక్కువతో మొదలుపెట్టి, రక్తపరీక్షలు చూస్తూ డాక్టర్లు డోసు పెంచుతారు. ఇది పడనివాళ్లకు ఫెబుక్సోస్టాట్ ఉంది. అయితే గుండె జబ్బు ఉంటే ముందే చెప్పాలి. ఈ మందుపై 2019లో అమెరికా ఎఫ్‌డీఏ గట్టి హెచ్చరికే ఇచ్చింది.

అసలు చిక్కంతా మొదటి కొన్ని నెలల్లోనే. మందు వేసుకుంటున్నా నొప్పి మళ్లీ వస్తుంది. 'ఈ మందు నాకు పడలేదు' అని చాలామంది ఆపేసేది అప్పుడే. నిజానికి పాత స్ఫటికాలు కరుగుతున్నప్పుడే ఇలా జరుగుతుంది. అందుకే 3 నుంచి 6 నెలల పాటు తక్కువ డోసులో కాల్చిసిన్ కూడా తోడుగా రాస్తారు. నొప్పి వచ్చిన రోజు కూడా అలోప్యూరినాల్ మానకూడదు.

ఒక్క విషయంలో మాత్రం ఆగొద్దు. ఒంటి మీద దద్దుర్లు, జ్వరం, నోట్లో పుండ్లు కనిపిస్తే మందు ఆపేసి వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. అరుదే అయినా ప్రాణాల మీదకు రావచ్చు. అజాథియోప్రిన్ వాడుతున్నవాళ్లు డాక్టర్‌కు చెప్పకుండా అలోప్యూరినాల్ జోలికి వెళ్లొద్దు.

మరి తిండి సంగతి? ఇంట్లో ముందు పప్పు మాన్పిస్తారు, పాపం! నిజానికి తగ్గించాల్సింది లివర్, మటన్, బీరు. అవి తగ్గించినా చాలామందికి లెవెల్ 6 లోపుకు రాదు, మాత్ర కావాల్సిందే. ఇక ఒక్కసారి కూడా గౌట్ నొప్పి రాకుండా, హెల్త్ చెకప్‌లో యూరిక్ యాసిడ్ కాస్త ఎక్కువ కనిపించినవాళ్లకు సాధారణంగా ఈ మందులు అక్కర్లేదు.