కుర్చీలు వేసేవాళ్లకు కుర్చీ లేదు: ఉత్తరాంధ్ర విశ్వవిద్యాలయాల పాలనలో బోధనేతర సిబ్బంది

మన దగ్గర విశ్వవిద్యాలయాల చరిత్ర అంటే వైస్ ఛాన్సలర్ల చరిత్ర. ఆంధ్ర విశ్వవిద్యాలయం పేరెత్తితే కట్టమంచి రామలింగారెడ్డి, సర్వేపల్లి రాధాకృష్ణన్ గుర్తొస్తారు. విరాళాల మాటొస్తే జయపూర్ మహారాజా విక్రమదేవ్ వర్మ వస్తారు. ఫైలు నడిపిన గుమస్తా, ప్రశ్నపత్రాల కట్టలు మోసిన అటెండరు, లేబొరేటరీలో గాజుసామాను కడిగినవాడు, హాస్టల్లో అన్నం వండినవాడు, పాయిఖానాలు శుభ్రం చేసినామె ఆ చరిత్రలో కనపడరు. వాళ్లు లేకుండా ఒక్క పరీక్షా జరగదు, ఒక్క డిగ్రీ పట్టా బయటికి రాదు. అయినా విశ్వవిద్యాలయాన్ని నడిపేదెవరని చట్టాన్ని అడిగితే అది చెప్పే జాబితాలో వీళ్లుండరు. ఈ లేకపోవడం ఎట్లా వచ్చిందో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి చూద్దాం.

ఇది ఉద్యోగ సంఘాల గొడవ మాత్రమే అనుకుంటే పొరపాటు. ఇది కులం ప్రశ్న. దేశమంతటా ప్రభుత్వ ఉద్యోగాల లెక్కలు దశాబ్దాలుగా ఒకటే మాట చెబుతూ వచ్చాయి: కింది మెట్టు మీద దళితులు ఎక్కువ, పైకి పోయేకొద్దీ తక్కువ. విశ్వవిద్యాలయాలు దీనికి అతీతం కాదు. ప్రొఫెసరు పోస్టులో 'తగిన అభ్యర్థి దొరకలేదు' అనే మాట మనకు కొత్తదా? స్వీపరు పోస్టుకు మాత్రం ఆ మాట ఎవరూ అనలేదు. కాబట్టి పాలకమండలిలో టీచర్లకు చోటిచ్చి బోధనేతర సిబ్బందికి ఇవ్వకపోవడం అంటే, దళితులు ఎక్కువగా ఉన్న మెట్టును కొలతలోంచి తీసేయడమే. చట్టంలో కులం పేరు రాయకుండానే కులం పని జరిగిపోతుంది.

మొదటి నుంచి చూద్దాం. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో మద్రాసు శాసనసభ చేసిన చట్టంతో బెజవాడలో పుట్టి, 1930లో వాల్తేరు చేరింది. పాత పద్ధతిలో సెనేట్, సిండికేట్ ఉండేవి. రిజిస్టరైన పట్టభద్రులకు అందులో ఓటుండేది. వినడానికి ప్రజాస్వామ్యంగానే ఉంది. కానీ విజయనగరం మహారాజా కాలేజీ 1879 నాటికే కాలేజీ అయినా, ఆ ఓటు వేయగల మాల, పైడి, దండాసి, రెల్లి పట్టభద్రులు ఆ రోజుల్లో ఎంతమంది ఉండి ఉంటారు? బడి గుమ్మమే ఎక్కనీయని చోట పట్టభద్రుల ఓటు ఎవరికి దక్కుతుందో చెప్పక్కర్లేదు. అందుకే పాత సెనేట్ పోయిందని కన్నీళ్లు పెట్టుకునేవాళ్లతో మేం గొంతు కలపలేం.

సరిగ్గా ఆ కాలంలోనే, 1927లో, బొంబాయి శాసనమండలిలో విశ్వవిద్యాలయ చట్ట సవరణ బిల్లు మీద అంబేద్కర్ మాట్లాడారు. సెనేట్‌లో వెనుకబడిన వర్గాలకు ప్రాతినిధ్యం ఉండాలని వాదించారు. విశ్వవిద్యాలయాన్ని నడపడం పండితుల సొంత వ్యవహారం కాదు, అందులో సమాజంలోని ప్రయోజనాల పోటీ ఉంది అన్నది ఆ వాదన సారాంశం. మన చర్చకు మూలం అక్కడుంది.

స్వతంత్రం వచ్చాక ప్రశ్న కోర్టుకెక్కింది, అదీ బస్సు డ్రైవర్ల వల్ల. ఢిల్లీ విశ్వవిద్యాలయం ఉద్యోగంలోంచి తీసేసిన రామ్‌నాథ్ అనే డ్రైవరు కేసులో 1963లో సుప్రీంకోర్టు విశ్వవిద్యాలయం పరిశ్రమ కాదని తేల్చింది. చదువు చెప్పడమే అక్కడ అసలు పని, మిగతా సిబ్బంది పాత్ర స్వల్పమన్నది తీర్పు తర్కం. 1978లో బెంగళూరు నీటి సరఫరా కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ రాసిన తీర్పు దాన్ని తిరగేసింది. టీచరు కార్మికుడు కాకపోవచ్చు, అయినా పెద్ద సంఖ్యలో ఉన్న మిగతా సిబ్బంది కార్మికులే, వాళ్లకు కార్మిక చట్టం రక్షణ ఉంటుంది అన్నారు. (ఆ తీర్పును తిరిగి పరిశీలించాలని 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనానికి నివేదించారు.) అంతకు రెండేళ్ల ముందే, 1976లో, 42వ సవరణ రాజ్యాంగంలో 43-ఎ అధికరణం చేర్చింది. పరిశ్రమల యాజమాన్యంలో కార్మికులకు భాగం ఉండాలని అది రాజ్యానికి చెబుతుంది. ఈ రెండూ కలిపి చదివితే ఏమవుతుంది? విశ్వవిద్యాలయం గుమస్తాకు, అటెండరుకు పాలనలో భాగం అడిగే రాజ్యాంగ బలం వస్తుంది. అయితే ఆదేశిక సూత్రం కోర్టులో అమలు చేయించుకునేది కాదు. దాన్ని శాసనసభ చట్టం చేయాలి.

మన శాసనసభ ఏం చేసింది? 1991లో ఆంధ్రప్రదేశ్ విశ్వవిద్యాలయాల చట్టం తెచ్చింది. పాత సిండికేట్ స్థానంలో ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్ వచ్చింది. అందులో ప్రభుత్వ కార్యదర్శులు హోదా రీత్యా కూర్చుంటారు. టీచర్లు, ప్రిన్సిపాళ్లు, ప్రముఖులు ప్రభుత్వ నియామకంతో వస్తారు. ఎన్నిక పోయి నామినేషన్ వచ్చింది. పారిశ్రామికవేత్త 'ప్రముఖుడి' పేరుతో రావచ్చు. ముప్పయ్యేళ్లు పరీక్షల విభాగంలో పనిచేసిన సూపరింటెండెంటు తన వర్గం తరఫున రావడానికి మాత్రం దారి లేదు.

ఆ వెంటనే రెండో దెబ్బ పడింది. 1994 నాటి 2వ చట్టం రోజుకూలీ నియామకాలను నిషేధించింది. అదే ఏడాది ఏప్రిల్‌లో వచ్చిన 212 నంబరు జీవో ప్రకారం, 1993 నవంబర్ 25 నాటికి అయిదేళ్లు నిండిన ఎన్.ఎమ్.ఆర్.లనే ఖాళీలను బట్టి పర్మనెంట్ చేయాలి. ఒక్కరోజు తక్కువైనవాడు బయటే. 2009లో సుప్రీంకోర్టు కూడా ఆ గీతను సమర్థించింది. తర్వాత కాంట్రాక్టు, ఆ తర్వాత ఔట్‌సోర్సింగ్ వచ్చాయి. కింది మెట్టు మీద రోస్టరు ద్వారా దొరికే పర్మనెంట్ ఉద్యోగమే సన్నగిల్లింది. ఇప్పుడు క్యాంపస్ ఊడ్చే మనిషి చట్టం దృష్టిలో విశ్వవిద్యాలయం మనిషి కూడా కాదు, ఏజెన్సీ మనిషి.

సిక్కోలుకు ఇది దగ్గరి విషయం. ఎచ్చెర్లలో 1977లో ఆంధ్ర విశ్వవిద్యాలయ పీజీ కేంద్రంగా మొదలైన చోటే 2008లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయం అయింది. అది నడిచేది 1991 చట్టం కిందే. అంటే గేటు మీద అంబేద్కర్ పేరుంది, లోపలి చట్టంలో ఆయన 1927లో అడిగిన ప్రశ్నకు జవాబు లేదు. విజయనగరంలో 2019లో కేంద్ర గిరిజన విశ్వవిద్యాలయం వచ్చింది, 2022లో జేఎన్‌టీయూ గురజాడ వచ్చింది. వాటి చట్టాలు వేరు. కానీ ఏ కొత్త బల్ల వేసినా దాని చుట్టూ ఎవరిని కూర్చోబెడుతున్నారని మనం అడగాలి.

'అటెండరుకు సిలబస్ గురించి ఏం తెలుసు?' అని పెద్దలు అడుగుతారు. సరే, జవాబు చెబుదాం. 1973లో పశ్చిమ జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం ముందుకు ఇదే వాదన వచ్చింది. పరిశోధన, బోధన విషయాల్లో ప్రొఫెసర్లదే నిర్ణాయక స్థానం అని ఆ కోర్టు చెప్పింది. అట్లాగని టీచర్లు, విద్యార్థులు, మిగతా సిబ్బంది వర్గాలవారీగా పాలనలో కూర్చునే పద్ధతిని మాత్రం కొట్టేయలేదు. సిలబస్ వేరు, బడ్జెట్టు వేరు. పరీక్షల ఏర్పాటు, హాస్టళ్లు, నియామకాలు, రోస్టరు, ఔట్‌సోర్సింగ్ కాంట్రాక్టులు, వీటి గురించి అటెండరుకు తెలిసినంత ప్రొఫెసరుకు తెలుసా? ఇంట్లో మొదటి తరంగా చదువుకున్న మాలాంటివాళ్లకు విశ్వవిద్యాలయంలో మొదట తెలిసే మనిషి ప్రొఫెసరు కాదు, స్కాలర్‌షిప్ సెక్షన్ గుమస్తా. ఫారం ఎట్లా నింపాలో, ఏ సంతకం ఎక్కడ ఆగిపోతుందో ఆయనకు తెలుసు. అంత దూరం పోనక్కర్లేదు, 1974 చట్టం కింద నడిచే కేరళ విశ్వవిద్యాలయ సెనేట్‌లో బోధనేతర ఉద్యోగులు ఎన్నుకున్న ప్రతినిధికి చోటుంది. సెనేట్ కూలిపోలేదు.

అయితే కుర్చీ ఒక్కటే చాలదు. సంఘం నాయకత్వం కూడా అగ్రకులాల చేతిలోనే ఉంటే, వచ్చిన ఒక్క కుర్చీలో వాళ్లే కూర్చుంటారు. దళితుల్లో కూడా అందరూ ఒక్కచోట లేరు. 2025లో రాష్ట్రం ఎస్సీల 15 శాతాన్ని వర్గీకరించినప్పుడు రెల్లి, పైడి, దండాసి వంటి 12 ఉపకులాలకు 1 శాతం కేటాయించింది. ఉత్తరాంధ్ర పట్టణాల్లో తరతరాలుగా పారిశుధ్యం పని మోసింది రెల్లివాళ్లే. వాళ్లను మరిచిన ప్రాతినిధ్యం మనకొద్దు.

అందువల్ల మన డిమాండు స్పష్టంగా ఉండాలి. 1991 చట్టాన్ని సవరించి ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్‌లో బోధనేతర సిబ్బందికి కనీసం రెండు స్థానాలివ్వాలి. నామినేషన్ కాదు, రహస్య ఓటుతో ఎన్నిక జరగాలి. ఒక స్థానం ఎస్సీ, ఎస్టీలకు వంతులవారీగా దక్కాలి. కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ వాళ్లకూ ఓటుండాలి. చివరిదే అన్నిటికన్నా ముఖ్యం, ఎందుకంటే కింది మెట్టు ఇప్పుడు వాళ్లతోనే నిండి ఉంది.

అంబేద్కర్ 1943లో వైస్రాయి కౌన్సిల్‌లో కార్మిక సభ్యుడిగా ఉండి, యజమానులు కార్మిక సంఘాలను తప్పనిసరిగా గుర్తించాలనే బిల్లు ప్రవేశపెట్టారు. యజమాని దయతలిచి పిలిస్తే వెళ్లి కూర్చోవడం కాదు, పిలవక తప్పని చట్టం ఉండాలన్నది ఆ బిల్లు వెనకున్న ఆలోచన. ఆయన పేరు పెట్టుకున్న విశ్వవిద్యాలయమే ఈ సవరణ కావాలని మొదట తీర్మానం చేయాలి. అది చేసేదాకా అడుగుతూ ఉండడం విద్యార్థులుగా, టీచర్లుగా, కార్యకర్తలుగా మన పని.