‘టేబుల్ లేదు’ ఎర్రర్

వ్యాపార సంస్థల, ప్రభుత్వాల లెక్కలు నడిపే పెద్ద సాఫ్ట్‌వేర్‌లలో, ప్రోగ్రాము అడిగిన టేబుల్ డేటాబేస్‌కు దొరకనప్పుడు వచ్చే ఎర్రర్ ఇది. జీతాల బిల్లు మధ్యలో ఆగినా, నెలాఖరు రిపోర్టు తెరుచుకోకపోయినా లోపల కారణం ఇదే కావచ్చు. చూడగానే డేటా పోయిందని గుండె ఝల్లుమంటుంది. చాలాసార్లు టేబుల్ ఎక్కడికీ పోదు. అడిగిన పేరో, వెతికిన చోటో, అడిగినవారి హక్కో తప్పి ఉంటుంది.

దీని మూలం 1970లో ఉంది. డేటాను పట్టికలుగా చూడాలని ఐబీఎం శాస్త్రవేత్త ఇ.ఎఫ్. కాడ్ ఆ ఏడాది ప్రతిపాదించారు. అంతకుముందు రికార్డును ఏ దారిలో చేరాలో ప్రోగ్రామరే తెలుసుకోవాల్సి వచ్చేది. కాడ్ పద్ధతిలో పేరు చెబితే చాలు, వెతికే పని డేటాబేస్‌ది. అందుకోసం అది టేబుళ్ల పేర్లు, వివరాలు ఉండే తన కేటలాగ్ చూసుకుంటుంది. ఆ కేటలాగ్ కూడా మామూలు టేబుళ్లలాగే ఉండాలని, దాన్నీ అదే భాషలో ప్రశ్నించగలగాలని 1985లో కాడ్ ప్రకటించిన నియమాల్లో నాలుగోది చెబుతుంది. లోపం పట్టేవారికి ఇంతకంటే మంచి సాధనం నేటికీ లేదు.

1979లో మార్కెట్‌కు వచ్చిన ఒరాకిల్ డేటాబేస్‌లో ఈ ఎర్రర్ నంబరు ఓఆర్ఏ-00942. టేబుల్ గానీ వ్యూ (టేబుల్‌లా కనిపించే క్వెరీ) గానీ లేదని అది చెబుతుంది. టేబుల్ ఉండి, చూసే అనుమతి లేకపోయినా అదే మాట చెబుతుంది. ఇది భద్రత కోసం పెట్టిన పద్ధతి: అనుమతి లేనివారికి ఆ టేబుల్ ఉందన్న సంగతి కూడా తెలియకూడదు. అది సబబే. కానీ దొరకని టేబుల్ పేరు చెప్పకపోవడానికి సమర్థన కనిపించదు. పది టేబుళ్లు కలిపిన క్వెరీలో ఏది లేదో తేల్చుకోవడానికి ఒక్కోసారి ఒక్కొక్కటీ తీసి చూడాల్సి వచ్చేది. ఒరాకిల్ 23ఏఐ వెర్షన్‌తో గానీ ఆ సందేశంలో పేరు చేరలేదు.

తెలుగువారికి ఈ ఎర్రర్‌తో పరిచయం పెరిగింది 1990ల చివర్లో, వై2కే పనులు, హైటెక్ సిటీ వచ్చిన కాలంలో. హైదరాబాద్ అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో ఒరాకిల్, వ్యాపార లెక్కల సాఫ్ట్‌వేర్ శాప్ కోర్సులకు రాయలసీమ జిల్లాల నుంచీ పిల్లలు వెళ్లారు. తర్వాత సీమలోనే 2006లో పులివెందులలో జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కళాశాల, 2008లో ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీ వచ్చాయి. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌తో ప్రాజెక్టు చేసే విద్యార్థికి ‘టేబుల్ లేదు’ అన్నది 1146 నంబరు ఎర్రర్‌గా ఎదురవుతుంది. విండోస్ ల్యాప్‌టాప్‌లో చక్కగా నడిచిన ప్రోగ్రాము లైనక్స్ సర్వర్ మీద ఆగిపోతుంది. టేబుల్ పేరు పెద్ద అక్షరంతో పెట్టి, క్వెరీలో చిన్న అక్షరంతో రాసి ఉంటారు. విండోస్‌కు రెండూ ఒకటే, లైనక్స్‌కు కాదు.

ఈ చరిత్రలో అన్నిటికంటే చిక్కైన ఘట్టం శాప్‌ది. 1992లో వచ్చిన దాని ఆర్/3 వెర్షన్‌లో టేబుల్ వివరం రెండు చోట్ల ఉంటుంది: శాప్ సొంత డిక్షనరీలో, కింద ఉన్న డేటాబేస్‌లో. డిక్షనరీలో ఉండి డేటాబేస్‌లో లేకపోతే ప్రోగ్రాము కూలిపోతుంది. దీనికి మినహాయింపుగా, పద్దుల వివరాలుండే బీసెగ్ టేబుల్ సంగతి చూడండి. శాప్ తెరపై అది నిక్షేపంగా కనిపించేది, నేరుగా డేటాబేస్‌లో వెతికితే ఆ పేరే ఉండేది కాదు. దాని వరుసలు ఆర్‌ఎఫ్‌బీఎల్‌జీ అనే క్లస్టర్‌లో ముద్దగా దాచి ఉండేవి. 2015లో ఎస్/4హానా వచ్చాక పద్దులు అక్‌డోకా అనే ఒకే టేబుల్‌లో చేరాయి, బీసిస్ వంటి పాత టేబుళ్ల పేర్లు వ్యూలుగా మిగిలాయి. పాత పేరుతో చదవవచ్చు. రాయబోతేనే కష్టం.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఖజానా కూడా 2018 ఏప్రిల్‌లో శాప్ ఆధారిత ఆర్థిక నిర్వహణ వ్యవస్థ సీఎఫ్ఎంఎస్‌కు మారింది. సీమలోని తొండూరు ప్రభుత్వ బడి జీతాల బిల్లయినా, సచివాలయం బిల్లయినా ఒకే వ్యవస్థలోకి వచ్చాయి. ఇంతమంది ఒకే డేటాబేస్ మీద ఆధారపడినప్పుడు, అప్‌గ్రేడ్‌లో ఒక్క టేబుల్ తప్పినా దెబ్బ తగిలేది ఒక్క ఆఫీసుకు కాదు. అందుకే ఇలాంటి చోట్ల మార్పులను డెవలప్‌మెంట్, టెస్ట్ సిస్టంలు దాటించాకే అసలు సిస్టంకు పంపుతారు. ఆ వరుసలో ఒక ట్రాన్స్‌పోర్ట్ (మార్పుల మూట) జారిపోతే ప్రోగ్రాము వస్తుంది, టేబుల్ రాదు.

లోపం వెతికేవారు ముందు ఏ సర్వర్‌కు, ఏ డేటాబేస్‌కు, ఏ యూజర్‌తో కనెక్ట్ అయ్యారో చూస్తారు. టెస్ట్ సిస్టంను అసలుదనుకుని గంటలు పోగొట్టుకోవడం ఈ వృత్తిలో మామూలే. ఆ తర్వాత కేటలాగ్‌లో టేబుల్ పేరు, స్కీమా, అనుమతులు చూస్తారు. శాప్‌లో అయితే ఎస్‌ఈ11 తెరలో డిక్షనరీ వివరం, డీబీ02 తెరలో డేటాబేస్‌లో లేని టేబుళ్ల జాబితా కనిపిస్తాయి.

టేబుల్ నిజంగానే పోయిన సందర్భాలూ ఉన్నాయి. ఒరాకిల్ 10జీ వెర్షన్ నుంచి, డ్రాప్ చేసిన టేబుల్‌ను, రీసైకిల్ బిన్ ఖాళీ చేసి ఉండకపోతే, అందులోంచి వెనక్కి తేవచ్చు. లేకపోతే బ్యాకప్పే దిక్కు. అప్పుడు అదే పేరుతో ఖాళీ టేబుల్ సృష్టించడం అన్నిటికంటే ప్రమాదకరం. ఎర్రర్ మాయమవుతుంది, ప్రోగ్రాము నడుస్తుంది, పాత పద్దులు లేకుండానే కొత్తవి రాస్తూ పోతుంది. ఆ తర్వాత బ్యాకప్ తెచ్చినా, మధ్యలో చేరిన పద్దులను పాతవాటితో ఒక్కొక్కటిగా సరిచూసి కలపాల్సి ఉంటుంది.