గుండె శస్త్రచికిత్స అనంతరం ప్రేగులకు రక్తప్రసరణ లోపం

గుండె శస్త్రచికిత్స తరువాత కొందరు రోగులలో ప్రేగులకు చేరవలసిన రక్తం తగ్గిపోతుంది. ఈ స్థితిని వైద్యశాస్త్రంలో మెసెంటరిక్ ఇస్కీమియా అంటారు. ఇది నూటికి ఒకరి కంటే తక్కువ మందిలో కనిపించే అరుదైన ఉపద్రవం. కాని ఇది సోకినవారిలో సగం మందికి పైగా మరణించవచ్చు. ఆలస్యంగా గుర్తించడం ఇందుకు ఒక ముఖ్య కారణం.

కారణాలు

చిన్నప్రేగుకు, పెద్దప్రేగు మొదటి భాగానికి ప్రధానంగా ఊర్ధ్వ మెసెంటరిక్ ధమని రక్తాన్ని అందిస్తుంది. ఈ ప్రసరణ రెండు విధాలుగా దెబ్బతింటుంది.

* ధమని మూసుకోకుండా: గుండె తగినంత రక్తాన్ని పంపలేనపుడు శరీరం మెదడును, గుండెను కాపాడుకొనుటకు ప్రేగుల రక్తనాళాలను సంకోచింపజేస్తుంది. రక్తపోటు పెంచుటకు ఇచ్చే నారడ్రినలిన్, వాసోప్రెసిన్ వంటి మందులు ఈ సంకోచాన్ని పెంచగలవు. గుండె శస్త్రచికిత్స తరువాత ఎక్కువగా కనిపించేది ఈ రకమే.
* ధమని మూసుకొనుట వలన: గుండె లయ తప్పినపుడు (ఏట్రియల్ ఫిబ్రిలేషన్) గుండెలో ఏర్పడిన రక్తపు గడ్డ ధమనిలో చిక్కుకొంటుంది.

వృద్ధులకు, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారికి, గుండె-ఊపిరితిత్తుల యంత్రంపై ఎక్కువసేపు ఉన్నవారికి ప్రమాదం అధికం.

పర్యవేక్షణ

దీని తొలి లక్షణం తీవ్రమైన కడుపునొప్పి. పొట్టను తాకి చూస్తే మెత్తగానే ఉంటుంది, నొప్పి మాత్రం భరించలేనంతగా ఉంటుంది. అయితే మత్తుమందు ప్రభావంలో, వెంటిలేటరుపై ఉన్న రోగి నొప్పిని చెప్పలేడు. కావున పొట్ట ఉబ్బడం, గొట్టం ద్వారా ఇచ్చిన ఆహారం ఇమడకపోవడం, మలంలో రక్తం, మూత్రం తగ్గడం వంటివాటిని గమనిస్తారు. రక్తంలో లాక్టేట్‌ను పదే పదే కొలుస్తారు. లాక్టేట్ పెరుగుటకు ఇతర కారణాలు కూడా ఉండవచ్చు. తొలిదశలో అది సాధారణంగానే ఉండవచ్చు కూడా. అందువలన అనుమానం కలిగిన వెంటనే సి.టి. యాంజియోగ్రఫీ చేస్తారు.

చికిత్స

ముందుగా గుండె పనితీరును మెరుగుపరచి, రక్తనాళాలను సంకోచింపజేసే మందులను వీలైనంత తగ్గిస్తారు. సెలైను, యాంటీబయోటిక్స్ ఇస్తారు. ముక్కు ద్వారా గొట్టం వేసి పొట్ట ఉబ్బరాన్ని తగ్గిస్తారు. సంకోచించిన ధమనిలోకి సన్నని గొట్టం ద్వారా పాపావరిన్ ఎక్కించవచ్చు. గడ్డ ఉంటే తొలగిస్తారు. రక్తస్రావ ప్రమాదాన్ని బేరీజు వేసి హెపారిన్ ఇస్తారు. ప్రేగు కుళ్ళినచో ఆ భాగాన్ని కోసి తీసివేయక తప్పదు. మిగిలిన ప్రేగు స్థితిని చూచుటకు 24 నుండి 48 గంటలలో మరల పొట్ట తెరచి పరిశీలించవలసి రావచ్చు.

ఇంటికి చేరిన తరువాత

రక్తపు గడ్డ వలన కలిగే ప్రమాదం ఆసుపత్రి నుండి ఇంటికి వెళ్ళిన తరువాత కూడా ఉంటుంది. గోదావరి పాయల నడుమ ఉన్న కోనసీమ నుండి పలువురు గుండె శస్త్రచికిత్స కొరకు కాకినాడ, రాజమహేంద్రవరం, విశాఖపట్నం వంటి నగరాలకు వెళుతుంటారు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, ప్రస్తుతం డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవగా పిలువబడుతున్న పథకం పేద కుటుంబాలకు ఈ శస్త్రచికిత్సల ఖర్చు భరిస్తుంది.

ఇంటికి తిరిగి వచ్చినవారికి అకస్మాత్తుగా తీవ్రమైన కడుపునొప్పి వస్తే, గ్యాస్ నొప్పిగా భావించి సోడా, వాము తీసుకొంటూ వేచి ఉండరాదు. ధమని పూర్తిగా మూసుకొన్నచో కొద్ది గంటలలోనే ప్రేగు కుళ్ళుట మొదలవుతుంది. అమలాపురం నుండి యానాం వంతెన మీదుగా కాకినాడకు, కొత్తపేట నుండి రావులపాలెం మీదుగా రాజమహేంద్రవరానికి, రాజోలు నుండి చించినాడ వంతెన మీదుగా పాలకొల్లు వైపునకు ప్రయాణానికే కొంత సమయం పడుతుంది. వెంటనే 108కు ఫోను చేసి, సి.టి. స్కాన్, శస్త్రచికిత్స సౌకర్యాలు ఉన్న ఆసుపత్రికి వెళ్ళాలి. జరిగిన ఆపరేషన్ వివరాలు, వాడుతున్న మందుల చీటీ వెంట తీసుకొని వెళ్ళాలి. రక్తాన్ని పలచబరచే మందులను వైద్యుని సలహా లేకుండా మానరాదు.